బీచ్ స్టేషన్‌లో సముద్రం లేదు

రిటైరవడానికి నాలుగేళ్ళుండగా
కొత్త కంప్యూటర్ పాఠాలకని మద్రాసు పంపించారు.
మూడు రోజులు. మూడు సాయంత్రాలు నావి.

మొదటి సాయంత్రం బెసెంట్ నగర్ ఇసకలో నిలబడి
ఈ ఊరి తిండి ఏదయ్యా అని అడిగాను.
మోమో అన్నాడొకడు.
పక్కవాడు పెనం మీద చీజ్ కరిగిస్తున్నాడు.
నా మొహంలో ఏం చదివాడో మూడోవాడు,
"రండి సార్, ఆంధ్రా మీల్స్, గోంగూర ఉంది" అన్నాడు
అచ్చ తెలుగులో.
శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కింది
గోంగూర కోసమా?

రెండో సాయంత్రం మెరీనా.
మిరపకాయ బజ్జీ తిన్నాను. బావుంది.
బజ్జీ ఎక్కడైనా బజ్జీయే.
సుండల్ పొట్లం కట్టిన కుర్రాడు
మామిడి తురుము ఎక్కువ వేశాడు, చిల్లర తక్కువిచ్చాడు.
అల ముందు నిల్చున్న జనమంతా
నాలాగే ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు,
ఒకరి ఫోటోలో ఒకరు పడుతూ.

లాడ్జి వాచ్‌మన్ ఏలుమలై జాలిపడ్డాడు.
"బీచ్‌కి వెళ్ళండి సార్."
"అక్కణ్ణుంచేగా వస్తున్నాను?"
"అది కాదు సార్. బీచ్ స్టేషన్."

మూడో సాయంత్రం లోకల్ రైలు దిగి చూస్తే
బీచ్ స్టేషన్‌లో సముద్రం లేదు.
ఓడరేవు గోడ ఉంది. లారీలున్నాయి.
వెనక వీధి పేరులోనూ బీచ్ ఉంది,
ఇసక రేణువు లేదు.
గోడకి అవతలెక్కడో సముద్రం
పక్క గదిలో దగ్గే పెద్దాయనలా.

బల్బు కింద తోపుడుబండి.
ధనభాగ్యం అనే ఆవిడ
నారింజ రంగు నూడుల్స్‌ని గుప్పిట్లో తీసి
క్యాబేజీ, మాడీమాడని ఉల్లి, వెల్లుల్లి నూనె,
చింతపండు నీళ్ళు చల్లి
చెక్కలాంటిదేదో అరచేతిలో నలిపి
మొత్తం చేత్తోనే కలిపేసింది.
"ఇది ఈ ఊరిదేనా అమ్మా?"
చెయ్యి ఆపలేదు.
"బర్మాది. అత్తో. మా అమ్మమ్మ తెచ్చింది.
ఓడ ఇక్కడ ఆగింది, మేమూ ఇక్కడే ఆగాం."

ఇంత తిరిగీ దొరికింది పరాయి దేశపు కూడు!
నవ్వొచ్చింది.
ఆ నవ్వు మధ్యలో
అడక్కుండానే స్టీలు గిన్నెలో చారు పోసింది.
అందులో తేలుతూ
అరటిదూట చక్రాలు.

మా తాతకి అప్పగారు. పేరు సూరమ్మ.
ఎవరూ అలా పిలవలేదు, రంగమప్ప అనేవారు.
కాపరానికి రంగం వెళ్ళింది,
బాంబులు పడ్డ ఏడు కొండలన్నీ నడిచి
మొగుణ్ణి దారిలో పోగొట్టుకుని
ఒక్కర్తీ ఇల్లు చేరింది.
చేపల పులుసులో అరటిదూట వేసుకునేది.
"ఏటప్పా, గొడ్డు తినేది నువ్వు తింతావేటి?" అని
ఇంటిల్లిపాదీ నవ్వితే
గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయేది.
నాకు ఆరేళ్ళప్పుడు
ఒక ముద్ద నా నోట్లో పెట్టింది.
ఉమ్మేశాను.

అదే రుచి అంటే అబద్ధమే.
ఉమ్మేసిన రుచి ఎవరికి గుర్తుంటుంది?

"ఇందులో చేప వెయ్యరా?"
ధనభాగ్యం మొదటిసారి నా వైపు చూసింది.
"అది మొయింగా. పొద్దున్న ఏడింటికి రా."
ఏడింటికే నా రైలు.
ఆ మాట చెప్పలేదు.
ఎందుకు అడిగావని ఆమే అడగలేదు,
వెనక నలుగురు ప్లేట్లు చాచి ఉన్నారు.

చీల్చి ఉల్లి కూరిన గుడ్డొకటి చేతిలో పెట్టి
తిను, చల్లారిపోతుందంది తమిళంలో.
గోడ అవతల ఓడ కూత వేసింది.
ఎవరూ తలెత్తలేదు.
నేను గిన్నె అడుగున అతుక్కున్న దూట ముక్కని
వేలితో తీసుకుంటున్నాను.