కింది వాటా

లిఫ్టులో పట్టలేదు.
నలుగురు మనుషులు, మలుపు మలుపుకీ ఆగి,
బుట్టలో పెళ్లికూతుర్ని మోసినట్టు
నాలుగో అంతస్తుకి మోశారు.
తలుపు సందులోంచి చూశాను:
వాల్‌నట్ చెక్క, నా భుజం దాకా ఎత్తు,
ఒక్కొక్కటి నా అంత బరువట.
రెండు.

వెనకాలే బోజిదార్ గారు
"అంచు, అంచు" అంటూ ఎక్కుతున్నాడు.
వూచ్ ఊరి చివర ఉన్న ఆపిల్ తోట అమ్మి కొన్నాడని
మెట్లు తుడిచే యాద్విగా చెప్పింది.
ఆపిల్ పళ్లు కూడా పాడతాయా ఏంటి, అంది.

నాది సరిగ్గా అతని కింది వాటా.

ముప్ఫై మూడేళ్లు మిల్లులో నేశాను.
నాడె అటూ ఇటూ కొట్టిన దెబ్బకల్లా
చెవుల్లో ఒక్కో పోగు తెగింది:
ముందు పిచ్చుకలు పోయాయి,
తర్వాత టీ కెటిల్ ఈల,
తర్వాత టెలిఫోన్లో చెల్లెలి గొంతు.
పేకంతా పోయి పడుగు మిగిలింది,
నేలని పట్టుకుని నడిచేవి మాత్రం:
ట్రామ్, ఉరుము,
బోజిదార్ గారి సంగీతం.

పదకొండేళ్లు.
ఆ పాత పెట్టెలు, మూసేసిన కాంటీన్ గోడ నుంచి దింపినవి,
ఊరికే నేల మీద కూచునేవి.
వాటి బరువంతా చెక్కలోంచి, దూలంలోంచి, గోడలోంచి దిగి
నా మంచం కోడులో ఆగేది.
మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఒకటి వచ్చేది:
మూడు అడుగులు కిందికి, ఆగి, తడుముకుని,
ఒక అడుగు వెనక్కి.
బంగాళాదుంపల కోసం చీకట్లో
నేలమాళిగ మెట్లు దిగే మనిషిలా.
దాని పేరు తెలీదు. అరికాళ్లకి తెలుసు.
అతని మీద ఫిర్యాదు కాగితం తిప్పినప్పుడు
కళ్లద్దాలు కనబడలేదని చెప్పి
సంతకం ఎగ్గొట్టాను.

కొత్తవి వచ్చాక మొదటి మంగళవారం
మంచం మీద కూచున్నాను.
తొమ్మిది. తొమ్మిదీ పది.
నేల ఊరుకుంది.
గోడకి అరచేయి ఆనించాను,
గోడ గోడలానే ఉంది.

మర్నాడు గసగసాల కేకుతో వచ్చాడు.
పెదాలు కనబడేలా నిలబడి మాట్లాడతాడు, మంచివాడు.
"కింద నల్లరాతి పలక. దాని మీద రబ్బరు,
ఇత్తడి ములుకులు. ఇక మీ ఇంట్లోకి
ఒక్క చుక్క కారదు. ఇన్నేళ్లూ బాధపెట్టాను మిమ్మల్ని,
కజిమ్యేరా గారూ."
పాతబాకీ తీర్చినవాడి వెలుగు ఆ ముఖంలో.
ఏం చెప్పను.
కేకు బావుందన్నాను.

వినమని పైకి తీసుకెళ్లాడు.
నేల మీద కొలతల గుర్తులు,
మణికట్టు లావు తీగలు,
గది మొత్తానికి ఒకటే కుర్చీ.
అందులో నన్ను కూచోబెట్టి తను గోడకి ఒరిగి
కళ్లు మూసుకున్నాడు.
"విన్నారా? విల్లు తీగని తాకే ముందు
అతను ఊపిరి తీసుకోవడం?"

నాకు దూరంగా ఎవరో బీరువా జరుపుతున్నారు.
ఊపిరీ లేదు, విల్లూ లేదు.

"ఇది మీకు తెలిసే ఉంటుంది.
మంగళవారాలు నేను..."

మంగళవారమా?

లేచి వెళ్లి ఆ నున్నటి చెక్క మీద
అరచేయి పెట్టేశాను.
"వేలిముద్రలు" అన్నాయి అతని పెదాలు.
తర్వాత ఏమీ అనలేదు.
మూడు అడుగులు. ఆగడం. తడుముకోవడం.
ఒకటి వెనక్కి.
ఉన్నాడు మనిషి,
ఇంకా దుంపలు వెతుకుతూనే.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.
చేయి తీసేసరికి అతను నేల మీద కూచుని
నల్లరాతి పలక వంక చూస్తున్నాడు,
వెలలో తనకు తెలియని అంకె ఏదో
ఇప్పుడే కనబడ్డట్టు.

వచ్చే మంగళవారం, తొమ్మిదికి పది నిమిషాలుండగా,
నా గుమ్మంలో ఉన్నాడు.
చేతిలో తెల్లటి నూలు తొడుగులు,
రికార్డులు పట్టుకునేవి, ఉతికి ఇస్త్రీ చేసినవి.
"మీకే" అన్నాడు సిగ్గుపడుతూ.
వెలుతురుకి పట్టి చూశాను. నేత వదులు.
మా మిల్లులో అయితే వెనక్కి పంపేవాళ్లం.

జేబులో పెట్టుకుని,
చెప్పులు విప్పి,
అతని వెనకాలే మెట్లెక్కాను.