నంబరు వేరు

మెయిజీ పదమూడో ఏడు.
టోక్యోలో, కోయిషికావా పొగగొట్టాల కింద
ఫ్రెంచివాళ్ళ లెక్క కొంత, డచ్చివాళ్ళ స్ప్రింగు కొంత
కలిపి, అరగదీసి, సొంత పేరు పెట్టుకున్నారు:
మురాటా.

బోల్టు పిడి లోపల మడిచిన స్ప్రింగు బద్ద,
ఆల్చిప్పలో ముడుచుకున్న కండలాగా.
పైకెత్తు, వెనక్కి లాగు, తూటా పెట్టు, తొయ్యి, వంచు.
ఒక్కటే తూటా.
రెండోది కావాలంటే
మళ్ళీ మొదట్నుంచీ.

మా ముత్తాత యోసాబురోకి సెందాయి బారకాసులో
ముందు నేర్పింది కాల్చడం కాదు, ఒక అంకె.
నలభై వేల ఆరువందల పదిహేడు.
"కన్నతల్లి పేరు మరిచిపో, ఊరుకుంటా.
ఇది మరిచావో, పళ్ళు రాలతాయి" అన్నాట్ట సార్జెంటు.
ఎనభయ్యో ఏట తల్లి పేరు నిజంగానే మరిచాడు.
అంకె మాత్రం నిద్రలో కూడా తప్పలేదు.

షాన్‌తుంగ్ మంచులో ఆ తుపాకీ మోశాడు.
యుద్ధం గురించి ఇంట్లో చెప్పింది ఒక్క ముక్క:
నల్లమందు కదా,
పేల్చగానే నీ పొగే నీ కళ్ళకి అడ్డం.
అది తేలిపోయేదాకా ఆగి చూడొచ్చు.
చూడకపోయినా ఎవరూ అడగరు.

తర్వాత సైన్యానికి సన్న గొట్టాలు వచ్చాయి.
పాతవి కట్టలు కట్టి అమ్మేశారు.
ఓదాతెలో తుపాకుల మేస్త్రీ
చక్రవర్తి చామంతిని ఆకురాయితో గీకేసి,
గొట్టంలో మెలితిరిగిన చాళ్ళు తొలిచి నున్నగా చేసి,
కొండ వేటగాళ్ళకి బేరం పెట్టాడు.
ఎండబెట్టిన ఎలుగు పిత్తం ఒకటి ఇచ్చి కొన్నాడు ముత్తాత.
కొని, దుకాణం గుమ్మంలోనే వెలుతురుకి తిప్పి,
నంబరు చదివాడు.

నంబరు వేరు.

మరి ఇది ఎవరి భుజం మీద అరిగింది?
ఎవరి చెంప ఆనిన చోటు ఈ నల్లమచ్చ?
మేస్త్రీకి అవేం పట్టలేదు. పిత్తం తూకం వేసుకుంటున్నాడు.

మా కొండమీద ఊరి మాట పలకకూడదు.
ఎలుగుకి వేరే పేరు, బియ్యానికి వేరే పేరు.
కొండదేవత అందగత్తె కాదు, పైగా అసూయ ఎక్కువ.
ఆమె కోసం ఎండబెట్టిన ఒకోజె చేప జేబులో ఉండాలి;
తనకంటే వికారిని చూస్తే ఆమె మనసు కుదుటపడుతుంది.
ముత్తాత అన్నాడు, నంబరు కూడా ఊరి మాటే.
దాని మీద కొండమేక తోలుముక్క చుట్టి కుట్టేశాడు.

ఒక ఏడాది, మంచు మెత్తబడే రోజుల్లో,
కింద నుంచి తోలేవాళ్ళ కేకలు,
పైన యోసాబురో, బీచ్ చెట్టుకి వీపు ఆనించి.
ఎలుగు వచ్చింది. పదడుగులు.
మీట నొక్కాడు.
టక్.
అంతే. ముసలి స్ప్రింగు.
ఎలుగు అతన్ని చూసింది, తడిసిన ముక్కు ఎగరేసి
ఏదో గుర్తు రానట్టు నిలబడి, పక్కకి దిగిపోయింది.
ఈసారి పొగ లేదు. పూర్తిగా చూశాడు.

తోడొచ్చినవాళ్ళు తిట్టిపోశారు.
"నేను నొక్కాను. పాతవాడు వద్దన్నాడు," అన్నాడు.
స్ప్రింగు మార్పించాడు, తర్వాత చాలా ఎలుగుల్నే కొట్టాడు,
ఆ విషయం దాచిపెట్టను.
కానీ కూర వండిన ప్రతిసారీ ఒక గిన్నె ఎక్కువ.
మా నాయనమ్మ కినూ ఆ గిన్నె కడిగీ కడిగీ
"తినేవాడు ఒక్కసారి కనపడితే బాగుండు" అని విసుక్కునేది.

నిరుడు, అటక దులుపుతుంటే దొరికింది.
లైసెన్సు ఎప్పుడో చెల్లిపోయింది.
దుప్పట్లో చుట్టి పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళాను.
కౌంటరు వెనక అమ్మాయి, ఇరవై అయిదు ఉంటాయేమో,
కుట్లు కత్తిరించి తోలు విప్పింది.
కింద ఇనుము కొత్తదానిలా నీలంగా ఉంది.
ఫారంలో రాసుకుంటూ అంకెలు పైకి చదివింది,
తప్పు రాసానేమోనని రెండోసారి, ఒక్కొక్కటిగా, గట్టిగా.

అరక్షణం ఆగింది, నేనేదో అంటానని.
"సరిచూసుకున్నాను, సరిపోయింది" అని
తనే అనుకుంది.

తోలుముక్క మాత్రం వెనక్కిచ్చింది.
కుట్టిన చోట ఇంకా గుండ్రంగానే ఉంది.
దేనికీ పట్టదు.