ఎనిమిదో పాయ

చీటీ పాడి తెచ్చిన ముప్పై ఆరు వేలు
పాలకొల్లులో పెళ్లికార్డులేసే ఏసుపాదం గారి బల్ల మీద పెట్టాను.
రెండుసార్లు లెక్కపెట్టి, తడి స్పాంజి పక్కకి జరిపి,
"ఎవరిదమ్మా ముహూర్తం?" అన్నారు.
నవలండి, అన్నాను.
"ఆయ్, నవలా!"
ఆ చూపులో జాలెంతో బేరమెంతో తేలలేదు.

పగలు నేను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షిస్తాను.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత.
సీసా మీద రైతు పేరు, చెరువు నంబరు.
ఆరేళ్లు చూడగా చూడగా
ఒకరోజు ఒక సీసాలో నీళ్లు
ఏ చెరువువీ కావనిపించింది.
అక్కణ్ణుంచే మొదలైంది:
గోదారికి ఏడు పాయలని అందరికీ తెలుసు,
ఎనిమిదోది పాటు వేళ మాత్రమే తెరుచుకుంటుంది,
దాని ఒడ్డున ఉప్పుతో కట్టిన ఊరు,
వానకి కరిగి ఎండకి మళ్లీ లేచే ఊరు,
నీడల మీద పన్నేసే రాణి,
పన్నెగ్గొట్టడానికి మిట్టమధ్యాహ్నమే బయటికొచ్చే
మంగతాయి అనే పిల్ల.

అట్ట మీద బొమ్మ ఫ్లెక్సీల కుర్రాడు వేశాడు.
"రాణి పక్కన మీ ఫొటో కూడా పెడదామాండి,
నమస్కారం చేస్తున్నట్టు?"
వద్దన్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

మూడొందల కాపీలు
కొబ్బరికాయల బస్తాల మీద కూర్చుని ఆటోలో వచ్చాయి.
ఆఖరి పేజీ తిప్పాను.
రాణి చచ్చిపోయిన పేరా కింద,
ఎవరి శుభలేఖదో చెరపడం మర్చిపోయి,
"సపరివారంగా విచ్చేసి విందారగించ ప్రార్థన."
ఏసుపాదం గారు నాలిక్కరుచుకున్నారు.
మూడొందల కాపీల్లోనూ ఉంది ఆ విందు.
ఎనభై దాకా నల్ల సిరాతో కొట్టేశాను.
తర్వాత చెయ్యి లాగేసి
వడ్డించనిచ్చాను.

రాయడానికి చీకటి చాలు.
అమ్మడానికి మొహం కావాలి.
నరసాపురం బస్టాండులో అరటిపళ్ల బండి పక్కన
స్టూలు మీద పుస్తకాలు పేర్చి
పళ్లబ్బాయి అరుపుకి అరుపు కలపలేక
మూడు గంటలు నించున్నాను.
ఒకాయన పుస్తకం తీసుకుని విసురుకున్నాడు,
బస్సొచ్చాక పెట్టేసి వెళ్లాడు.
ల్యాబ్‌లో రిపోర్టు కోసం కూర్చున్న రైతు అడిగాడు:
"ఇందులో తెల్లమచ్చకి మందేవన్నా రాశావేంటమ్మా?"
లేదండి, ఒక రాణి కథ.
"రాణికొచ్చిందా?"

మా అక్క అంది,
ఉన్న ఊరు గురించే ఎవరూ చదవట్లేదు,
లేని ఊరు గురించి ఎవరు చదువుతారే అని.
ఐదు కాపీలు కొంది. ఒక్కటీ తెరవలేదు.

నలభై ఏడు అమ్మాను. ముప్పై ఒకటి ఊరికే ఇచ్చాను.
మిగతావి బ్లీచింగ్ బస్తాల పక్కన అట్టపెట్టెల్లో,
తేమకి కాస్త ఉబ్బి,
చదివినట్టే కనిపిస్తాయి.

నిన్న సఖినేటిపల్లి రేవులో
పంటు మీద తాళ్లేసే నూకరాజు నన్నాపాడు.
"మీరేనంట కదండి రాసింది."
చేతిలో అట్ట ఊడిన కాపీ. ఎవరి దగ్గర తెచ్చుకున్నాడో.
"ఎనభై నాలుగో పేజీ తప్పండి."
నా గుండె అమ్మోనియా చూపించింది.
"పాటు లాగేటప్పుడు మంగతాయి పడవ
ఆ మలుపులో ఎడంపక్కకి తిరగదండి.
ఇసకమేట ఉంటది కదా. కుడి ఒడ్డు పట్టుకోవాల,
లేపోతే ఉప్పూరు చేరదు."
తడి వేలితో రేకు మీద గీసి చూపించాడు
ఎనిమిదో పాయని,
నేను రాయని ఇంకో మలుపుతో సహా,
రోజూ దాటుతున్నవాడిలా.

నేను పెన్సిల్ వెతుక్కునేలోగా
గీత ఆరిపోయింది.
ఒడ్డు తగిలింది, బళ్లు దిగుతున్నాయి.
తాడు చుడుతూ వెనక్కి తిరిగాడు:
"ఆఖర్న భోజనాలకి పిలిచారు కదండి,
రాణిగారి దినానికేనా?"

ఆయ్, అన్నాను.
దినానికే.