సిల్వరు తీగ

హాల్లో స్విచ్చు దగ్గర చేపల వాసన.
మేం చేపలు వండి పది రోజులైంది.

టొలీడోలో ఈ ఇల్లు అరవై తొమ్మిదిలో కట్టారట,
రాగి ధర చుక్కలంటిన రోజుల్లో.
డెలోరిస్ ప్రూయిట్ మోకాళ్ల మీద కూచుని
టార్చి నోట కరుచుకుని, స్విచ్చు మూత విప్పి
తీగ కొస బయటికి లాగింది.
తెల్లగా ఉంది.
"సిల్వరు" అన్నాను, నోటి అలవాటుగా.
ఆమె పకపకా నవ్వింది. "వెండే అయితే
ఈ గోడలు బద్దలుకొట్టుకుని నేనే పారిపోనూ?"

ఎలా చెప్పను,
మా ఇంట్లో గంజి వార్చే సొట్టల గిన్నె పేరు సిల్వరని,
వెండి కొనలేక
పేరు మాత్రం తెచ్చుకున్నామని.

తీగని వేళ్ల మధ్య తిప్పుతూ అంది:
అల్యూమినియం చెడ్డదేం కాదు.
బయట స్తంభాల మీద మైళ్లకి మైళ్లు ఇదే మోస్తోంది.
గోడలోనే ఇమడదు.
వేడెక్కితే ఒళ్లు సాగదీస్తుంది,
చల్లారితే ముడుచుకుంటుంది,
మర చుట్టూ వెంట్రుకంత సందు.
ఆ సందులో కాపరం పెడుతుంది నిప్పు.

ఇల్లంతా రాగి లాగాలంటే పద్దెనిమిది వేలు.
మా దగ్గరున్నవి మూడు.
అందుకని కొసకొసకీ జానెడు రాగి అతికింది,
నలభై ఒక్క చోట్ల, ఊదారంగు టోపీలు పెట్టి.

ముప్పై తొమ్మిదోది బిగించాక
నన్ను పట్టుకు లాగి చూడమంది.
"ఇంకా గట్టిగా. నీ పిల్ల పడుకునే గది ఇది."
లాగాను. ఊడిరాలేదు.

ఆ రాత్రి లైటు వేసి
స్విచ్చు మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు నిలబడ్డాను,
జ్వరం చూసినట్టు.