పుష్యమా, మాఘమా

గుణుపురంలో రాత్రి రెండున్నరకి
పాలీహౌసు జిప్పు తలుపు తీసి లోపలికెళ్తే
ప్లాస్టిక్ కప్పుకి చెమట.
ఒక్కో చుక్కా మెడ మీద పడుతుంది
బాకీ అడిగేవాడి వేలులా.

థర్మామీటరు పదమూడు.
నిన్నా పదమూడే.

కవర్లో పన్నెండు వందల కీర గింజలు,
గింజ ఏడు రూపాయలు.
మగపూత ఉండదు, తేనెటీగ అక్కర్లేదు
అని కంపెనీ కుర్రాడు చెప్తుంటే
ఇల్లారి కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది:
"మొగుడూ లేడు, పేరంటాలూ లేరు,
ఏటి పెళ్లమ్మా ఇది?"

పొద్దున్నే దండపాణి బిసోయి
సైకిలు దిగకుండానే కేకేస్తాడు:
"మాఘొ పొడిగొలాణి!"
మాఘం వచ్చేసిందట.
మా గోడ మీద పంచాంగంలో ఇంకా
పుష్య బహుళ తదియ.
అదే చంద్రుడు, అదే అరిగిన అంచు.
వాళ్ల నెల పున్నమికి తెగుతుంది,
మాది అమావాస్యకి.
మధ్యన ఈ పదిహేను రోజులూ
వంశధార ఒడ్డున ఒక్క పొద్దే
రెండు నెలల్లో పొడుస్తుంది.

పోయినేడు నేనే పంచాంగమూ చూళ్లేదు.
గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి
నడుముకి దోపుకొని పడుకున్నాను.
మూడో రోజుకి తెల్లటి తోకలు.
ఎదురింటి వాళ్లకీ, పాలవాడికీ,
లోను కాగితాల మీద సంతకానికొచ్చిన గుమస్తాకీ
మూట విప్పి చూపించాను.
తర్వాత నేలలో పెట్టాను.

వారం. పది రోజులు.
వేలితో కెలికి చూస్తే
ఉల్లిపొర రంగులో, మెత్తగా,
ముట్టుకుంటే జారిపోయాయి.

అవి నా ఒంటి వేడిని నమ్మాయి.
నేను వాటిని నమ్మాను.
మట్టి మాత్రం
మా ఇద్దరిలో ఎవరికీ మాటివ్వలేదు.

మళ్లీ అప్పు తెచ్చి మార్చిలో వేస్తే
పువ్వు విచ్చే వేళకి లోపల నలభై మూడు.
పిందెలు గోరంతై, పసుపెక్కి, రాలి.
ఆ చైత్రమంతా రాయగడ బజారుకెళ్లి
కిలో ఎంతో కనుక్కొని
ఉత్త సంచీతో బస్సెక్కేదాన్ని.

చలికీ ఎండకీ మధ్య ఈ పైరుకి దొరికే చోటు
పర్లాకిమిడి బస్సులో
ముగ్గురు కూర్చున్న సీటులో
నాలుగో మనిషికి మిగిలినంత.
తొందరగా ఎక్కితే తోసేస్తారు,
ఆలస్యమైతే బస్సే ఉండదు.

ఇల్లారి థర్మామీటరు చూడదు.
కొండ దిగి పెందలాడే వచ్చి
చెప్పులు బయట విడిచి
బోదె మీద అరికాలు ఆనించి నిలబడుతుంది.
"ఇంకా" అంటుంది.
అంతే. వెళ్లి తుప్పలు పీక్కుంటుంది.

నిన్న ఎవరూ చూడకుండా నేనూ నిలబడ్డాను.
చల్లగా ఉందని తెలిసింది.
ఆ చలి నేలదో, నా కాలిదో
తెలియలేదు.

పుష్య బహుళ ద్వాదశి, పదహారున్నర.
త్రయోదశి, పద్దెనిమిది.
కప్పు మీంచి చుక్క పడలేదు.
ఇల్లారి కాలు ఆనించింది.
"ఇంకా" అంటుందని ఎదురుచూశాను.
ఏమీ అనలేదు.
కొబ్బరి పొట్టు బస్తా మూతి విప్పింది.

ట్రేకి ఒక పక్క సుద్దతో పుష్యం అని రాశాను.
రెండో పక్క దండపాణి
గుండ్రటి ఒడియా అక్షరాల్లో మాఘం అని రాసి
స్పెల్లింగు సరిచూసుకొని, మళ్లీ చెరిపి రాశాడు.
గుంటకో గింజ, పక్కకి పడుకోబెట్టి,
పైన చిటికెడు పొట్టు.

పదకొండు వందల తొంభై ఐదు.

మిగిలిన ఐదూ
తడిగుడ్డలో చుట్టి నడుముకి దోపుకున్నాను.
ఇల్లారి చూసింది.
చేతులు దులుపుకొంటూ
అటు తిరిగింది.