చేదు కాపలా

నేనిక్కడికి ఒక పటం మోసుకొచ్చాను.
పటంలో చేప, గుడ్డు, పాల గ్లాసు,
ఎర్రగా కోసిన మాంసం ముక్క.
కింద లావుపాటి అక్షరాల్లో, ప్రోటీన్.
సముద్రం ఒడ్డున లీమాలో అచ్చేసిన కాగితం
మూడు వేల మీటర్లు ఎక్కేసరికి
మడత దగ్గర చిరిగింది,
సరిగ్గా చేప నడుం మీద.

విల్మెర్ జబ్బకి కొలత టేపు చుట్టాను.
పసుపు గీత.
వారానికి రెండుసార్లయినా మాంసం పెట్టమన్నాను
వాళ్ళ నాయనమ్మ నెమెసియాతో.
ఆమె పొయ్యి పక్కన కిచకిచలాడే
గినీ పందుల కేసి చూసింది.
"అవి వీడి పుస్తకాలు.
అదిగో, ఆ మచ్చలది బూట్లు.
బూట్లు వండుకు తింటామా?"

రమ్మని ఏటికి తీసుకెళ్ళింది.
మంచుకొండ కరిగి దిగుతున్న నీళ్ళు,
వేలు ముంచితే మోచేతిదాకా జిల్లుమంది.
బండరాయికి కట్టిన గోనెసంచి
పాలు మరవని దూడలా తాడు గుంజుతోంది.
లోపల చోచో గింజలు,
పెరటి వాలులో నెలల తరబడి ఊదారంగు పూసి
ఎండి, గలగలమని, ఇంటికొచ్చినవి.
నానబెట్టి, ఉడకబెట్టి, ఏట్లో వేసి
ఆవేళకి మూడో రోజు.

ఒకటి నోట్లో వేసుకున్నాను.
నాలుక గొంతులోకి పారిపోయింది.

నెమెసియా లేని పళ్ళతో సహా నవ్వింది.
"పురుగు ముట్టదు, పిట్ట ముట్టదు, దొంగ ముట్టడు.
మా తలుపుకి గడియ లేదు గానీ
ఈ సంచికి చేదుంది.
ఉడికిన నీళ్ళు గొర్రెల పేలకి పోస్తాను.
చేదు కూడా ఊరికే పోదమ్మా."

నేను లెక్కల మనిషిని.
రాత్రి కొవ్వొత్తి దగ్గర నోటుపుస్తకం తెరిచాను.
వంద గ్రాముల ఎండు గింజకి నలభై పైచిలుకు.
మళ్ళీ కూడాను.
నానితే తగ్గుతుంది, సరే, తగ్గించే రాశాను.
అయినా నా పటం తల దించుకునేంత మిగిలింది.
"ఒక్కదాన్నే తినకూడదు, అలుగుతుంది,
పక్కన వేయించిన మొక్కజొన్న ఉండాలి,"
అంది చీకట్లోంచి ఆమె.
ఒకదాని కొరత ఇంకొకటి తీర్చడం గురించి
నేను కాలేజీలో అర్ధ సంవత్సరం చదివాను.

ఏడో రోజు పొద్దుగూకే వేళకి చేదు దిగిపోయింది.
"కాపలావాడు వెళ్ళిపోయాడు,
ఇవాళ మనం పడుకోవాలిక్కడ."
రెండు దుప్పట్లు, ఒక కుక్క, ఇద్దరం.
తన చిన్నప్పుడు నాలుగు రోజులకే
గింజ కమ్మనయ్యేదట.
పైన మంచు తరిగింది, కింద ఏరు సన్నబడింది,
చేదు వదలడానికి వారం కావాలిప్పుడు.
చెబుతూ చెబుతూ గురక పెట్టింది.

నడిరాత్రి గులకరాళ్ళ మీద అడుగులు.
కుక్క మొరగలేదు, తెలిసిన మనిషే.
నా గుండె నా చెవిలో కొట్టుకుంటుంటే
నెమెసియా కళ్ళు తెరవకుండా అంది:
"రెండు దోసిళ్ళు తీసుకో ఫోర్తునాతో,
నీ పిల్లకీ పెట్టాలిగా.
సంచి మళ్ళీ కట్టు, ఈసారి గట్టిగా.
పోయినేడు నీ ముడి ఊడి
సగం పంట నదికి పెట్టాం."

తెల్లారి ఉల్లిపాయ, మిరపకాయ,
లోయలోంచి వచ్చిన నిమ్మకాయ పిండి కలిపింది.
విల్మెర్ గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే
తోలు వేళ్ళకి, పప్పు నోటికి.
గురి తప్పి ఒకటి నా నుదుటికి తగిలింది.
వాడు క్షమించమనలేదు, ఇంకోటి నొక్కాడు.

ఆ నెలాఖరుకి టేపు మళ్ళీ చుట్టాను.
పసుపే.
ఆకుపచ్చకి ఇంకా దారప్పోగంత దూరం.
ఏమీ అనలేదు నేను, నెమెసియా అడగలేదు.
పటం గోడ మీద పరిచి
మాంసం ముక్కకీ పాలగ్లాసుకీ మధ్య ఖాళీలో
పెన్నుతో ఒక గింజ గీశాను.
నాకు బొమ్మలు రావు.
విల్మెర్ దగ్గరకొచ్చి చూసి,
ఊడిన తన ముందు పంటి సందులో నాలుక పెట్టి
అడిగాడు,
"ఎవరిదీ పన్ను?"