రాని పళ్ళు

రాజోలు బస్టాండుకి ఎదురుగా, మేడమీద.
ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను.
సూర్యచంద్రం తెల్లబోయాడు:
"మావోడి నోట్లో ఇన్ని పళ్ళేంటండీ!"

దిండి కాడ రొయ్యల చెరువుల్లో పని అతనిది.
ఇంకాసేపు చూసి తనే అన్నాడు,
"మొలకొచ్చిన కాయ పగలగొడితే
లోపల కొబ్బరిపువ్వు ఉంటదే, అలాగుందండి."

అలాగే ఉంటుంది.
మిగతాది అతనికి చెప్పలేదు.

చదువుకునే రోజుల్లో గాజుబీరువాలో ఒక పుర్రె.
దవడ ఎముకను పైపైన చెక్కేశారు, లోపల కనబడాలని.
ఇరవై బయట. ఇరవై ఎనిమిది లోపల,
వేరు దిగనివి, కొన్ని బియ్యపు నూకంత.
కోరపన్ను మరీ పైన, కంటిగూడు కిందే పడుకుని ఉంది,
ఎంత దూరం దిగి రావాలో దానికి!

భయం వేయాలి కదా, వేయలేదు.
సెలవులకి ఇంటికెళితే
అన్నం తినే అందరి దవడలూ చూస్తూ
నా కంచంలో చెయ్యి ఆగిపోయేది.

పరీక్షలో పళ్ళు లెక్కపెట్టి
"వయసు అయిదేళ్ళు" అని రాశాను.
పదికి తొమ్మిది.
పేరు ఎవరూ అడగలేదు.

తేగలు నమలాల్సిన పళ్ళు
ఆ బీరువాలో ఇంకా
వరసలోనే ఉండి ఉంటాయి.

ఊడిన పన్ను దూదిలో చుట్టి ఇచ్చాను.
"పేడలో పెట్టి ఇంటిమీదకి ఇసరాలండి.
మాదిప్పుడు శ్లాబు. నిలుస్తదంటారా?"

గట్టిగా విసరమన్నాను.
పిల్లాడు అప్పుడే
నాలికతో ఖాళీని తడుముకుంటున్నాడు.